అరవక్కర్లేదు, వినిపిస్తోంది

1989 నవంబరు 7. అమెరికా పడమటి తీరంలో శాండియేగో.

వేదిక మీద ఇర్విన్ జేకబ్స్ మాట్లాడుతున్నారు. 56 ఏళ్ల మనిషి. ఒకప్పుడు ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పినవారు కాబట్టి మాటలకు కరువు లేదు. అయితే ఆ రోజు చెప్పాల్సిందంతా చెప్పేశారు. ఎదురుగా రెండొందల మందికి పైగా కూర్చున్నారు, అందరూ సెల్‌ఫోన్ కంపెనీల పెద్దలే. ఇక వాళ్లను బయటికి తీసుకెళ్లి, వ్యానెక్కించి, ఊళ్లో తిప్పుతూ ఫోన్లో మాట్లాడించడమే మిగిలింది. అసలు వాళ్లంతా వచ్చింది అందుకే.

సరిగ్గా అప్పుడే తన మనుషుల నుంచి సైగ అందింది. ఆపొద్దు, ఇంకా మాట్లాడుతూ ఉండమని.

తోలుబొమ్మలాటలో తెర వెనక దారం తెగితే ఏం చేస్తారు? కేతిగాడి చేత నాలుగు ఛలోక్తులు ఎక్కువ చెప్పిస్తారు. జేకబ్స్ కూడా అదే పని చేశారు. అయిపోయిన ప్రసంగాన్ని మళ్లీ అందుకున్నారు. చెప్పిందే ఇంకో రకంగా చెప్పారు. తెర వెనక ఇంజనీర్లు చెమటలు కక్కుతున్నారు. టవర్లన్నీ ఒకే గడియారం చూసుకుని నడవాలి. ఆ గడియారం ఆకాశంలో ఉంది. దాని పేరు జీపీఎస్. అమెరికా మిలిటరీ ఉపగ్రహాల వ్యవస్థ అది, అప్పటికింకా పూర్తిగా సిద్ధం కాలేదు కూడా. అక్కడి నుంచి వచ్చే సమయంలో ఎక్కడో తేడా కొట్టింది.

మిలిటరీ విద్యను మామూలు జనం చేతికి అందిద్దామని బయల్దేరినవాళ్లను ఆ క్షణాన ఆపింది కూడా మిలిటరీ గడియారమే.

జేకబ్స్ ఈ దారిలోకి రావడమే ఓ తమాషా. మసాచుసెట్స్‌లోని న్యూబెడ్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రికి రెస్టారెంటు ఉండేది. సైన్సులో భవిష్యత్తు లేదు, వంటిల్లే నమ్ముకో అన్నట్టు బడిలో సలహా చెప్పారు. అది విని కార్నెల్‌లో హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరారు కూడా. తర్వాత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కు మారిపోయారు. ఎంఐటీలో డాక్టరేట్ చేశారు, అక్కడే పాఠాలు చెప్పారు. 1965లో సహోద్యోగి వోజెన్‌క్రాఫ్ట్‌తో కలిసి కమ్యూనికేషన్ ఇంజనీరింగ్ మీద పాఠ్యపుస్తకం రాశారు. ఆ మరుసటేడు కాపురం కాలిఫోర్నియాకు మార్చారు.

ఈ కథలో రెండో మనిషి ఆండ్రూ విటర్బి. ఇటలీలోని బెర్గామోలో పుట్టిన యూదు కుటుంబపు పిల్లాడు. ముసోలినీ జాతి చట్టాల దెబ్బకు 1939లో ఆ కుటుంబం అమెరికా చేరింది. చదువయ్యాక 1957లో జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో అది సైన్యం కోసం క్షిపణుల పని చేసే సంస్థ.

క్షిపణిని రేడియోతో నడిపిస్తారు కదా, శత్రువుకు ఆ సంగతి తెలుసు. మీరు ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతున్నారో పసిగట్టి, సరిగ్గా దాని మీదే హోరు కుమ్మరిస్తాడు. దీన్నే జామింగ్ అంటారు. పక్కన లౌడ్‌స్పీకర్ పెట్టి ఎవరి మాటా ఎవరికీ వినపడకుండా చెయ్యడం లాంటిదే. ఇంకా గట్టిగా అరిస్తే లాభం లేదు, వాడి దగ్గర మీకన్నా పెద్ద స్పీకరు ఉండొచ్చు. అందుకని మిలిటరీ ఇంజనీర్లు తిరగేసి ఆలోచించారు. మాటను ఒక్క ఫ్రీక్వెన్సీ మీద పెట్టకుండా, విశాలమైన పట్టీ అంతటా పల్చగా పరిచేశారు. ఇసుకకుప్పలో గుప్పెడు ఆవాలు చల్లినట్టు. ఏ గింజ ఎక్కడ పడిందో లెక్క ఉన్నవాడు తప్ప ఇంకెవరూ ఏరుకోలేరు. మిగతావాళ్లకు అది ఉత్త ఇసుకలాగే, అంటే ఉత్త హోరులాగే ఉంటుంది. జామింగ్ చేసేవాడు కుప్ప మొత్తం తడపాలి, అంత నీళ్లు వాడి దగ్గరుండవు. స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అంటే ఇదే.

1968లో విమానంలో మాటల మధ్య జేకబ్స్, విటర్బి, ఇంకో మిత్రుడు లెనార్డ్ క్లైన్‌రాక్ కలిసి ఓ చిన్న కంపెనీ అనుకున్నారు. వచ్చే కన్సల్టింగ్ పనిని ముగ్గురూ పంచుకుందామని. పేరు లింకాబిట్. అది పెరిగి పెద్దదై వాయుసేన ఉపగ్రహాలకు మోడెములు చేసింది. 1980లో దాన్ని అమ్మేశారు. 1985 ఏప్రిల్ 1న జేకబ్స్ అక్కడి నుంచి బయటికొచ్చేశారు. ఇక విశ్రాంతే అనుకున్నారు. అది మూడు నెలలకు మించి సాగలేదు. జులైలో ఆయన ఇంట్లో ఏడుగురు కూర్చుని క్వాల్‌కామ్ పెట్టారు. ఏం తయారు చేస్తారో అప్పటికి వాళ్లకే తెలీదు.

అసలు మలుపు తిరిగింది ఆ ఇంట్లో కాదు, కారులో. హ్యూస్ అనే కంపెనీ ఉపగ్రహ ఫోన్ల గురించి సలహా అడిగింది. అక్కడి మీటింగు ముగించుకుని శాండియేగోకు తిరిగొస్తుంటే దారిలో జేకబ్స్‌కు తట్టింది. మనకు తెలిసిన పాత విద్య ఇక్కడెందుకు పనికిరాదు?

మిలిటరీ రేడియో పని చేసినవాడు బయటికొస్తే ఏం పట్టుకొస్తాడు? సర్టిఫికెట్లు, డబ్బాలు, పరిచయాలు అని చాలామంది అనుకుంటారు. డబ్బా వెంట రాదు, అది సర్కారు సొత్తు. నా లెక్కలో వెంట వచ్చేది అనుమానం. ఎవడో ఒకడు నా ఛానల్లో గోల చేసి తీరతాడు, ఆ గోలలోనే నేను బతకాలి అనే అలవాటు. అప్పటి సెల్‌ఫోన్ ఇంజనీర్లకు ఆ అలవాటు లేదు. ఒకరి ఛానల్లోకి ఇంకొకరు రాకుండా గోడలు కట్టడమే వాళ్ల విద్య. జేకబ్స్ బృందం గోడలు తీసేద్దామంది. అందరూ ఒకే పట్టీ మీద, ఒకేసారి మాట్లాడతారు. ఎవరి కోడ్ వాళ్లది. నాకు కావాల్సిన మాట తప్ప మిగతా అందరి మాటలూ నాకు హోరే. శత్రువు కూర్చున్న చోట పొరుగింటాయన వచ్చి కూర్చున్నాడు, అంతే తేడా. లెక్కలు పాతవే. దీని పేరు సీడీఎంఏ.

అయితే పొరుగింటాయనతో ఓ చిక్కుంది. పెళ్లి భోజనాల పందిట్లో వందమంది మెల్లగా మాట్లాడుకుంటుంటే ఎవరి మాట వాళ్లకు వినిపిస్తుంది. ఒక్క పెదనాన్న గొంతు పెంచాడనుకోండి, పక్కవాళ్లూ పెంచాలి, వాళ్ల పక్కవాళ్లూ పెంచాలి, కాసేపటికి పందిరంతా గగ్గోలు. టవర్ పక్కనే నిలబడ్డవాడి ఫోన్ కూడా ఆ పెదనాన్న లాంటిదే. మైళ్ల అవతల ఉన్నవాడి గొంతు అందులో మునిగిపోతుంది. ఇది కుదిరే పని కాదని, భౌతికశాస్త్రమే ఒప్పుకోదని తేల్చిచెప్పినవాళ్లూ ఉన్నారు.

క్వాల్‌కామ్ ఇచ్చిన జవాబు నాకు మహా ఇష్టం. పెదనాన్న చెవిలో ఎవరో ఒకరు అస్తమానం చెబుతూ ఉండాలి, కొంచెం తగ్గించండి, ఇంకొంచెం, ఇప్పుడు కాస్త పెంచండి అని. టవరే ప్రతి ఫోన్‌కీ ఆ మాట చెబుతుంది. ఎన్నిసార్లు? సెకనుకు 800 సార్లు. మీరు గోడ పక్కకు జరిగారు, పెంచు. లారీ అడ్డం తొలగింది, తగ్గించు. టవర్ దగ్గర అందరి గొంతులూ ఒకే స్థాయిలో వినపడాలి. ఎవరూ అవసరానికి మించి ఒక్క పిసరు కూడా గట్టిగా మాట్లాడకూడదు.

ఇంకో చిన్న లాభం కూడా లెక్కలో వేసుకున్నారు. ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుంటే ఎవరో ఒకరు వింటూ ఉండాలి కదా. అంటే ప్రతి మనిషీ సగానికి పైగా సమయం నోరు మూసుకునే ఉంటాడు. ఆ మౌనంలో ఫోన్ తన రేడియోనూ తగ్గించుకుంటుంది. ఖాళీ అయిన ఆ చోటులో ఇంకొకరు మాట్లాడుకోవచ్చు.

కాగితం మీద బానే ఉంది. డబ్బేది? అదీ పాత విద్యే సంపాదించి పెట్టింది. ఎక్కడున్నాయో తెలీక యజమానులు తల పట్టుకునే లారీలకు ఉపగ్రహం ద్వారా కబుర్లు పంపే ఆమ్నిట్రాక్స్ అనే పరికరం చేశారు. 1988లో పెద్ద లారీ కంపెనీ ఒకటి ఆర్డరిచ్చింది. వేరేవాళ్లు వాడుకుంటున్న ఉపగ్రహపు పట్టీలోనే, వాళ్లకు ఇబ్బంది లేకుండా పల్చగా పరుచుకుని సాగే సిగ్నల్ అది. సైనికుడు చాటుగా ఉండేందుకు నేర్చుకున్నది ఇక్కడ మర్యాదగా ఒదిగి ఉండేందుకు పనికొచ్చింది.

కానీ ఆలస్యమైపోయింది. 1989 జనవరిలో అమెరికా సెల్యులార్ కంపెనీల సంఘం టీడీఎంఏ అనే ఇంకో పద్ధతికి ఓటేసింది. అందులో సమయాన్ని ముక్కలు చేసి తలా ఒక వంతు ఇస్తారు. రచ్చబండ దగ్గర ఒకరి తర్వాత ఒకరు మాట్లాడినట్టు. తలుపు మూశాక వచ్చి తట్టిన జేకబ్స్‌ను కొత్తలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ప్యాక్‌టెల్ అనే కంపెనీ మాత్రం పది లక్షల డాలర్లిచ్చింది. మాటలు వద్దు, చేసి చూపించండి అంది.

అలా చూపించాల్సిన రోజే నవంబరు 7. ఫోన్ అంటే అరచేతిలో పట్టేది కాదు. వ్యాను వెనక భాగమంతా పరికరాలే. మిలిటరీకి పని చేసినప్పుడు పెట్టె ఎంత పెద్దదైనా, ఎంత ఖరీదైనా అడిగినవాడు లేడు. మామూలు జనం దగ్గరికొచ్చేసరికి అదే మొదటి ప్రశ్న. ఆ వ్యానును జేబులోకి కుదించడం తర్వాతి సంగతి, ముందు అది నడవాలి.

జేకబ్స్ మాట్లాడుతూనే ఉన్నారు. వినేవాళ్లలో కొందరికైనా ఈయన ఎందుకింత సాగదీస్తున్నాడనిపించి ఉంటుంది. చివరికి అవతలి నుంచి ఇంకో సైగ వచ్చింది. గడియారం దారికొచ్చింది. ఆయన ప్రసంగం ముగించారు. అతిథులు వ్యానెక్కారు. బండి వీధులు తిరిగింది, ఒక టవర్ పరిధి దాటి ఇంకో దాంట్లోకి వెళ్లింది. మాట తెగలేదు.

ఒప్పించడానికి మరి కొన్నేళ్లు పట్టింది. 1993లో ప్రమాణంగా ఒప్పుకున్నారు. 1995లో హాంకాంగ్‌లో, 1996లో దక్షిణ కొరియాలో జనం చేతికొచ్చింది. తర్వాత 3జీ కూడా ఈ పునాది మీదే లేచింది. పేటెంట్ల గొడవలు, కోర్టు కేసులు లేకపోలేదు, అవి ఇంకో ఆదివారానికి సరిపడా ఉన్నాయి.

మన దేశంలో ఈ పద్ధతి మొబైల్ సేవ మొదట మొదలైంది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే, టాటావాళ్లు పెట్టారు. వెనకే రిలయన్స్ వచ్చింది. 2003లో 501 రూపాయలు కట్టి ఫోన్ పట్టుకెళ్లమంటే దుకాణాల ముందు జనం ఎగబడ్డారు. సిమ్ లేని ఫోన్. వీధి చివర ఎస్టీడీ బూత్‌లో మీటరు చూసుకుంటూ మాట్లాడిన ఇళ్లలోకి అలా నడిచొచ్చింది.

మా ఇంటికీ ఒకటొచ్చింది. మా నాన్నగారిది ట్రంకాల్ నాటి గొంతు. అవతల మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఆయన నమ్మకం. హైదరాబాద్‌లో ఉన్న అక్కయ్యతో వరండాలో నిలబడి మాట్లాడితే ఎదురింటివాళ్లకు మా ఇంటి కబుర్లన్నీ తెలిసిపోయేవి. “అరవక్కర్లేదు నాన్నా, వినిపిస్తోంది” అని అటు నుంచి అక్కయ్య. ఆయన ఇంకాస్త పెంచేవారు. ఆయన చెవి దగ్గరున్న ఆ చిన్న ఫోన్ మాత్రం, టవర్ చెప్పిన మాట వింటూ, సెకనుకు 800 సార్లు సర్దుకుంటూ, ఊళ్లో ఎవరి మాటకూ అడ్డం రాకుండా మెల్లగా తన పని చేసుకుపోయేది.