అమెరికా పౌరసత్వ ఇంటర్వ్యూ: వినికిడి లోపం ఉంటే ఏ సదుపాయాలు అడగొచ్చు?

అమెరికా పౌరసత్వం కోసం ఎన్-400 దరఖాస్తు పెట్టుకున్నవారు ఇమిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) అధికారి ఎదుట ఇంటర్వ్యూకు హాజరు కావాలి. మరి ఆ అధికారి అడిగేది వినిపించకపోతే? పిల్లల దగ్గర స్థిరపడి, వయసుతో వినికిడి తగ్గిన తెలుగు తల్లిదండ్రులకూ, పుట్టుకతోనే వినిపించనివారికీ ఎదురయ్యే సమస్య ఇది. చట్టప్రకారం వారికి కొన్ని సదుపాయాలు ఉన్నాయి. అయితే వాటిని ముందుగా అడగాలి.

ఏమేం అడగొచ్చు?

1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 ప్రకారం, వైకల్యం ఉందన్న కారణంతో ఫెడరల్ ప్రభుత్వ సంస్థలు ఎవరినీ తమ సేవలకు దూరం చేయకూడదు. అందుకే బధిరులు సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ను కోరవచ్చు. దీనికి దరఖాస్తుదారు పైసా కట్టనక్కర్లేదు. కొద్దిగా వినిపించేవారు నెమ్మదిగా, గట్టిగా, ముఖం కనిపించేలా మాట్లాడమని కోరవచ్చు. అదనపు సమయం, కుటుంబ సభ్యులు పక్కన కూర్చునే అనుమతి కూడా అడగొచ్చు.

ఏ సైన్ లాంగ్వేజ్?

చాలామంది పట్టించుకోని విషయం ఇదే. సైన్ లాంగ్వేజ్ ప్రపంచమంతా ఒకటి కాదు. ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాలను రెండు చేతులతో చూపిస్తారు, అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో ఒక్క చేత్తో. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బధిరుల పాఠశాలలో చదివినవారికి అమెరికన్ ఇంటర్‌ప్రెటర్ సైగలు అర్థం కాకపోవచ్చు. కాబట్టి ‘సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని మాత్రమే రాస్తే సరిపోదు. ఏ భాషో రాయాలి. ఇంట్లోవాళ్ల సైగలు మాత్రమే తెలిసినవారైతే ఆ సంగతీ స్పష్టంగా చెప్పాలి.

ఎలా అడగాలి?

అపాయింట్‌మెంట్ నోటీసు రాగానే యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లోని వైకల్య సదుపాయాల పేజీలో అభ్యర్థన పెట్టాలి. లేదా 800-375-5283కు ఫోన్ చేయవచ్చు. బధిరుల కోసం టీటీవై లైన్ 800-767-1833 ఉంది. వేలిముద్రలు, ఇంటర్వ్యూ, ప్రమాణ స్వీకారం వేర్వేరు రోజుల్లో ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి నోటీసు వచ్చినప్పుడు మళ్లీ అడగడం మంచిది. సాధారణంగా దీనికి డాక్టర్ సర్టిఫికెట్ అడగరు.

పరీక్ష తప్పుతుందా?

తప్పదు. సదుపాయం వల్ల పరీక్ష పెట్టే పద్ధతి మారుతుందే కానీ పరీక్ష రద్దు కాదు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు. 12 సరైన సమాధానాలు చెప్పాలి.

పరీక్ష నుంచే మినహాయింపు కావాలంటే ఎన్-648 అనే వేరే ఫారం ఉంది. దాన్ని అమెరికాలో లైసెన్సు ఉన్న వైద్యులు లేదా క్లినికల్ సైకాలజిస్టు నింపాలి. మన దగ్గర ఇచ్చే సదరం సర్టిఫికెట్ దానికి బదులు కాదు. వినికిడి లోపం ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు. ఆ వైకల్యం వల్ల ఇంగ్లిష్ లేదా అమెరికా చరిత్ర, ప్రభుత్వ పాఠాలు నేర్చుకోలేకపోతున్నారని వైద్యులు వివరించాలి.

పెద్దలకు వయసు మినహాయింపు?

గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు ఉన్న 50 ఏళ్లు దాటినవారికీ, 15 ఏళ్లు ఉన్న 55 ఏళ్లు దాటినవారికీ ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. చరిత్ర, ప్రభుత్వ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చు. అయితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను దరఖాస్తుదారే తెచ్చుకోవాలి. ఉచితంగా ఏర్పాటు చేసేది సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌నే. 65 ఏళ్లు దాటి, 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవారికి 20 ప్రశ్నల చిన్న జాబితా చాలు. 10 అడుగుతారు, 6 సరిగ్గా చెప్పాలి.

ఆ రోజు ఇంటర్‌ప్రెటర్ రాకపోతే?

‘ఎలాగోలా కానిచ్చేద్దాం’ అనుకోవద్దు. ఇంటర్వ్యూలో చెప్పేదంతా ప్రమాణం చేసి చెప్పేదే. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’, ‘అమెరికా పౌరులమని ఎప్పుడైనా చెప్పుకున్నారా?’ లాంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. అర్థం కాకుండానే తల ఊపితే అది ‘అవును’ అని రికార్డులోకి ఎక్కవచ్చు. వినిపించలేదని, అర్థం కాలేదని చెప్పడం తప్పు కాదు. ఏర్పాటు సిద్ధంగా లేకపోతే ఇంటర్వ్యూను మరో తేదీకి మార్చమని కోరవచ్చు. సదుపాయం కోసం పెట్టిన అభ్యర్థన కాపీ వెంట ఉంటే ఆ మాట చెప్పడం తేలికవుతుంది.