మత్తులో రెండవ అంచె

పేరు పెట్టి పిలిస్తే రెండు క్షణాలు ఆగి పలికే మనిషిని మన ఊళ్లలో సోమరి అంటారు, లేదా తాగి వచ్చాడంటారు. బొంతపల్లి చుట్టుపక్కల, మందుల ముడిసరుకు తయారుచేసే కర్మాగారాల నుండి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికునికి ఈ రెండు బిరుదులూ మరింత సులభంగా దక్కుతాయి. ఆలోచన మందగించడం, జవాబు ఆలస్యం కావడం వ్యాధి లక్షణాలు కూడా కావచ్చు. వాటి చరిత్రలో ఒక అధ్యాయం మన హైదరాబాదులోనే నడిచిందని మీలో ఎందరికి తెలుసు?

1847లో లండన్ వైద్యుడు జాన్ స్నో ఈథర్ మత్తును ఐదు అంచెలుగా వర్ణించాడు. రెండవ అంచెలో మనిషి మేలుకొనే ఉంటాడు. కదులుతాడు, మాట్లాడతాడు. కాని ఆ మాటకూ చేతకూ పొందిక ఉండదు. అదే సంవత్సరం ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. అది కొందరి ప్రాణాలు తీస్తుండగా, ముందు ఆగేది ఊపిరా గుండెయా అన్న వాదం చెలరేగింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ ఏర్పరచి, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చాడు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు మంజూరు చేయగా, 1889లో లాడర్ బ్రంటన్ లండన్ నుండి వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. వందలాది కుక్కలపై ప్రయోగాలు జరిగాయి, తీర్పు మారలేదు. తేలికపాటి మత్తులో సైతం క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టగలదని 1911లో లెవీ నిరూపించేదాకా ఆ తీర్పును సమర్థించినవారు ఉన్నారు. తీర్పులో లోపమున్నా, మత్తిచ్చేవాని చూపు క్షణమైనా రోగి ఊపిరిని వీడరాదన్న లారీ పట్టుదల మాత్రం మంచిదే.

ఆపరేషన్ బల్ల మీద ఇంత కాపలా. షెడ్డులో రియాక్టర్ మూత దగ్గరా, సెంట్రిఫ్యూజ్ దగ్గరా నిలబడేవానికి ఆ కాపలా ఎవరు? అక్కడ వాడే మిథిలీన్ డైక్లోరైడ్, కార్మికుల మాటలో ఎండీసీ, క్లోరోఫాంకు దగ్గరి చుట్టమే. ఒక క్లోరిన్ తక్కువ, అంతే తేడా. గాలి సరిగా ఆడని చోట దాని ఆవిరి మనిషిని స్నో చెప్పిన రెండవ అంచెలోకి దించుతుంది. అంతటితో ఆగదు. శరీరం దానిని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుందని 1972లో స్టీవర్ట్ బృందం కనుగొన్నది. అందుచేత షెడ్డు విడిచి ఇంటికి చేరిన తరువాత కూడా రక్తంలో ఆ విషం పెరుగుతూ ఉండవచ్చు. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు దీనిని పట్టలేదు సరికదా, అంతా బాగున్నట్లే అంకె చూపుతుంది.

ఏళ్ల తరబడి పీల్చినప్పటి కథ వేరు. 1856లో పారిస్‌లో డెల్‌పెష్ అనే వైద్యుడు, కార్బన్ డైసల్ఫైడ్ వాడే రబ్బరు కార్మికుల జ్ఞాపకశక్తీ బుద్ధీ మొద్దుబారుతున్నట్లు రాశాడు. 1970లలో డెన్మార్క్, స్వీడన్ దేశాలలో రంగులు వేసేవారిలో ఇటువంటి మందకొడితనమే కనిపించగా, 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోపెన్‌హాగన్ సమావేశంలో దానిని స్థాయిలుగా వర్గీకరించారు. మన పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగు కాలుష్యంపై పోరాటం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. నీటి గురించి, పొలాల గురించి మాట్లాడినంతగా షెడ్డు లోపలి గాలి గురించి మనం మాట్లాడలేదని నా అభిప్రాయం. బహుశా చచ్చిన చేప కంటికి కనిపిస్తుంది, నెమ్మదించిన మాట కనిపించదు.

మందకొడితనమంతా సాల్వెంట్ల వల్లనే అని నేననడం లేదు. రక్తంలో చక్కెర పడిపోవడం, థైరాయిడ్ లోపం, తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు బయటపడే రక్తపుగడ్డ, కాలేయ వ్యాధి, మద్యం, ఇవన్నీ అదే వేషంలో వస్తాయి. అందుకే 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జీని రోగిని తప్పక అడగమన్న ప్రశ్న, “నీవు చేసే పని ఏమిటి?” అన్నది, ఇక్కడ పనికివస్తుంది. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి: డ్రమ్ముపై రాసిన పేరు, షిఫ్టు ముగిసిన వేళ, సెలవు రోజున తెరిపి కలుగుతున్నదా లేదా అన్నది. ఎండీసీ దగ్గర పని అయితే రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ పరీక్ష అవసరమేమో అడగండి. మనిషి పిలిస్తే పలకని స్థితికి చేరితే, లేదా ఉన్నట్టుండి మాట తడబడితే, నిద్రపోనివ్వక వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ట్యాంకులో పడిపోయినవానిని కాపాడబోయి, గాలి సరఫరా గల ముసుగు లేకుండా రెండవవాడు అందులోకి దిగరాదు.