ఎలిజబెత్ పాకార్డ్ – ఒక కాపరి భార్య

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రములో 1851 నాటి చట్టము ప్రకారము, ఆసుపత్రి అధికారి ఒప్పుకొనినచో, ఇతరుల విషయములో అవసరమైన రుజువు లేకుండానే భర్త తన భార్యను పిచ్చాసుపత్రిలో చేర్పించవచ్చును. 1860లో థియోఫిలస్ పాకార్డ్ అను సంఘకాపరి అట్లే చేసెను. ఆరుగురు బిడ్డల తల్లియైన ఎలిజబెత్ చేసిన నేరమేమి? బైబిలు తరగతిలో భర్త బోధకు భిన్నమైన అభిప్రాయము చెప్పుటయే. మూడేండ్లు ఆమె జాక్సన్‌విల్ ఆసుపత్రిలో ఉంచబడెను. 1864లో జూరీ ఏడు నిమిషములలోనే ఆమె మతి స్థిరముగా నున్నదని తీర్పు చెప్పెను. ఆమె అంతటితో ఊరకుండలేదు. లోపలనున్న స్త్రీల పక్షమున పుస్తకములు వ్రాసి, శాసనసభ్యులను వేడుకొనెను. జూరీ విచారణ లేనిదే ఎవరినీ అట్లు బంధింపరాదని 1867లో చట్టము వచ్చెను.

ప్రియులారా, ఆమెను బంధించినవాడు బైబిలు చేతపట్టిన కాపరియే. ప్రశ్నించు స్త్రీని పిచ్చిదనక, మన సంఘములలో ముందుగా ఆమె మాట విందుము గాక.