సారూ, మొస్యూ అన్నదమ్ములే!

మా తుర్కపల్లిలో పొద్దున్నే కూరల గంప దించే ముసలమ్మ మా వారిని “సారూ” అంటుంది, నన్ను “మేడం” అంటుంది. మా వారు ఏనాడూ బడిలో పాఠం చెప్పి ఎరుగరు. నేనెవరిమీదా పెత్తనం చేసి ఎరుగను. అయినా ఆ పిలుపు వింటే లోలోపల హాయిగానే ఉంటుంది, అబద్ధమెందుకు!

మొన్నామధ్య మెట్రోలో మూసారాంబాగ్ స్టేషను రాగానే మా చిన్నమ్మాయి, “ఇది మూసీనది పేరేనా అమ్మా?” అంది. చాన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. కానే కాదు. అది రేమండ్ దొర పేరు. 1755లో ఫ్రాన్సులో పుట్టి, ఇక్కడ నిజాం అలీఖాన్ కొలువులో పటాలాలను తీర్చిదిద్దిన సేనాని ఆయన. గన్‌ఫౌండ్రీ అన్న పేరు ఆయన ఫిరంగుల కార్ఖానా వల్లనే వచ్చింది. ఆ ‘మొస్యూ రేమండ్’ మన జనం నోట పడి ‘మూసా రామ్’ అయ్యాడంటారు. హిందువులకు మూసా రామ్, ముస్లిములకు మూసా రహీమ్! 1798 మార్చిలో ఆయన పోయారు. అస్మాన్‌గఢ్ గుట్టమీది సమాధి దగ్గర వర్ధంతినాడు జనం ఊదుబత్తులు వెలిగించేవారట. అదే ఏడు అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు ఆయన పటాలాన్ని రద్దు చేయించారు. పటాలం పోయింది, పిలుపు మిగిలింది.

ఇంతకీ ‘మొస్యూ’ అంటే ఏమిటి? ‘మొ’ అంటే నా, ‘స్యూ’ అంటే ప్రభువు. ఒకప్పుడు ఫ్రాన్సు రాజుగారి తమ్ముణ్ణి ఉత్త ‘మొస్యూ’ అంటే చాలు, పేరక్కర్లేదు. తర్వాత్తర్వాత అంగడివాడూ మొస్యూయే, పంతులుగారూ మొస్యూయే. విప్లవం వచ్చాక, ప్రభువులేమిటి, అందరూ ‘పౌరుడా’ అని పిలుచుకోండన్నారు కొన్నాళ్లు. అక్కడ అలా వద్దనుకున్న రోజుల్లోనే ఇక్కడ మనవాళ్లు ఆ మాటను ముద్దుగా నోట పెంచుకున్నారు.

‘స్యూ’ పుట్టింది లాటిన్ ‘సీనియర్’ నుంచి. ఇంగ్లీషు ‘సర్’ మూలమూ అదే. అంటే మన ‘సారు’, వాళ్ల ‘మొస్యూ’ అన్నదమ్ములన్నమాట! ‘మేడం’ కూడా ఫ్రెంచిదే. ‘మా దామ్’, అంటే నా దొరసాని.

సీనియర్ అంటే అసలర్థం ప్రభువు కాదు, వయసులో పెద్ద. అది తెలిసిన రోజున నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. మా గడప దగ్గర నిలబడే వాళ్లలో అందరికన్నా పెద్ద ఆ ముసలమ్మే. పదేళ్లుగా నేను ఆమెను పిలిచే పిలుపేమిటో తెలుసా? “ఏయ్, కూరలూ!”

మర్నాడు గంప కిందికి చెయ్యి వేసి, “పెద్దమ్మా, మెల్లగా దించు” అన్నాను. ఆమె నా మొహంలోకి ఎగాదిగా చూసి, “ఏమైంది మేడం, పానం మంచిగ లేదా?” అంది.