ఎడమచేతి తాళంచెవి: లె మాన్స్ పరుగు పందెం, పోర్షే సంప్రదాయం

స్టీరింగు ఎడమవైపున ఉండే దేశాల కార్లలో ఇంజిను స్టార్ట్ చేసే తాళంచెవిని సాధారణంగా స్టీరింగుకు కుడిపక్కన అమరుస్తారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో, జుఫెన్‌హౌజెన్ ప్రాంతంలో తయారయ్యే పోర్షే 911లో మాత్రం అది ఎడమపక్కన, స్టీరింగుకూ తలుపుకూ నడుమ ఉంటుంది. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ పట్టణంలో ఏటా జరిగే 24 గంటల కార్ల పందెంలో ఒకప్పుడు అమలులో ఉన్న ఆరంభ పద్ధతే ఈ అమరికకు మూలమని ప్రసిద్ధి. ఈ ప్రసిద్ధిలో చరిత్ర ఎంత, సంస్థ తన గురించి తాను నిలబెట్టుకున్న కథ ఎంత అన్నది తేల్చాలంటే తాళంచెవి చరిత్రనూ, ఆ పందెం చరిత్రనూ కలిపి చూడాలి.

ఇగ్నిషన్ అంటే సిలిండర్లలో చేరిన పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నిప్పురవ్వతో మండించే ఏర్పాటు. తొలినాటి కార్లలో ముందుభాగాన ఇనుప హ్యాండిలు దూర్చి, బలంగా తిప్పి ఇంజినును మేల్కొలిపేవారు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో చేరిన తరువాత ఆ శ్రమ తగ్గింది. అయినా చాలాకాలం పాటు ఇగ్నిషన్ స్విచ్చి వేరుగా, స్టార్టరు బొత్తాం వేరుగా ఉండేవి. తాళంచెవిని ఒక్కసారి తిప్పితే రెండు పనులూ జరిగే పద్ధతిని అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1949లో ప్రవేశపెట్టింది. లె మాన్స్ పందెం మొదలైంది 1923 మే 26న గనుక, తొలి దశాబ్దాలలో అక్కడ పోటీపడిన కార్లకు నేటి అర్థంలో స్టార్ట్ చేసే తాళంచెవి అనేదే లేదు. ఎడమచేతి తాళంచెవి కథ యుద్ధానంతర కాలానికే చెందుతుంది.

పందెం ఆరంభ పద్ధతి మాత్రం అంతకన్నా పాతది. పందాన్ని నిర్వహించే ఆటోమొబైల్ క్లబ్ దె లూయెస్ట్ అనే సంఘం 1925 నుంచి డ్రైవర్లను పరుగెత్తించడం మొదలుపెట్టింది. కార్లను రోడ్డుకు ఒకవైపున వరుసగా, కాస్త ఏటవాలుగా నిలిపేవారు. డ్రైవర్లు ఎదుటివైపున తమతమ కార్లకు అభిముఖంగా నిలబడేవారు. జెండా ఊపగానే రోడ్డు దాటి పరుగెత్తి, తలుపు తీసుకుని కూర్చుని, ఇంజిను స్టార్ట్ చేసి, గేరు వేసి ముందుకు దూకేవారు. ఈ పద్ధతికి లె మాన్స్ స్టార్ట్ అనే పేరే స్థిరపడింది, అమెరికాలోని సెబ్రింగ్ వంటి ఇతర పందాలు కూడా దీనిని అనుసరించాయి. బ్రిటిష్ డ్రైవరు స్టిర్లింగ్ మాస్ అందరికన్నా ముందు కారు చేరుకుని బయలుదేరడంలో దిట్టగా పేరు పొందాడు. డజన్ల కొద్దీ కార్లు ఒక్కసారిగా ఇరుకు రోడ్డు మీదికి వచ్చే ఆ క్షణాలలో ముందున్నవానికి దారి ఖాళీగా దొరికేది, వెనుకబడినవాడు గుంపులో చిక్కుకునేవాడు. అందువల్ల కూర్చోవడానికీ కదలడానికీ మధ్య వ్యవధిని తగ్గించే ఏ చిన్న సదుపాయానికైనా విలువ ఉండేది.

తాళంచెవి స్థానం ఈ వ్యవధిని ఎలా తగ్గిస్తుందో చేతుల కదలికలను గమనిస్తే తెలుస్తుంది. స్టీరింగు ఎడమవైపున ఉన్న కారులో గేరు కర్ర డ్రైవరుకు కుడిపక్కన ఉంటుంది. తాళంచెవి కూడా కుడిపక్కనే ఉంటే ఒకే చేయి ముందు తాళంచెవిని తిప్పి, దాన్ని వదిలి, ఆ తరువాత గేరు కర్రను అందుకోవాలి. ఎడమచేతికి అంతసేపూ పని ఉండదు. తాళంచెవి ఎడమపక్కన ఉంటే ఎడమకాలు క్లచ్‌ను నొక్కి ఉంచగా, ఎడమచేయి ఇంజినును స్టార్ట్ చేస్తున్న క్షణంలోనే కుడిచేయి మొదటి గేరు వేసి ఉంచగలదు. ఒకదాని తరువాత ఒకటిగా జరగవలసిన రెండు పనులు ఏకకాలంలో జరుగుతాయి. స్టీరింగు కుడివైపున ఉండే భారతదేశంలో ఈ సదుపాయం ఎవరూ ప్రత్యేకంగా గుర్తించకుండానే అమరింది: ఇక్కడి కార్లలో తాళంచెవి సాధారణంగా స్టీరింగుకు కుడిపక్కన, గేరు కర్ర ఎడమపక్కన ఉంటాయి గనుక, హైదరాబాదులోనో విజయవాడలోనో కారు నడిపేవారు రెండు చేతులకూ పని పంచే ఆ పద్ధతినే రోజూ అద్దంలో ప్రతిబింబంలా పాటిస్తున్నారు. స్టీరింగు కుడివైపున ఉండేలా తయారుచేసిన పోర్షే 911లో కూడా తాళంచెవి తలుపువైపే, అంటే కుడిపక్కనే ఉంటుంది. అందువల్ల ఆ కారులో అది వింతగా తోచదు.

పోర్షే సంస్థకు లె మాన్స్‌తో బంధం మొదటినుంచీ ఉంది. ఆస్ట్రియాలోని గ్మూండ్‌లో 1948 జూన్‌లో తొలి 356 కారు రిజిస్టరైంది. 1950లో సంస్థ స్టుట్‌గార్ట్‌కు తిరిగి వచ్చింది. ఆ మరుసటి ఏడే, 1951లో, ఫ్రెంచి డ్రైవర్లు ఒగుస్త్ వెయె, ఎద్మోన్ మూష్ అల్యూమినియం బాడీ గల 356తో లె మాన్స్‌లో పాల్గొని, 1100 సీసీ తరగతిలో మొదటి స్థానాన్నీ మొత్తం మీద ఇరవయ్యో స్థానాన్నీ పొందారు. తక్కువ శక్తి గల చిన్న ఇంజిన్లతో పెద్ద కార్ల నడుమ పోటీపడిన సంస్థకు క్షణాలను ఆదా చేయడం అలవాటైన ఆలోచనే. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన 911 ఈ వాతావరణంలో రూపొందింది.

అయినా పందెమే ఏకైక కారణమని నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. ఎడమపక్కన అమర్చితే విద్యుత్ తీగ పొడవు తగ్గి ఖర్చు కలిసివస్తుందన్న వివరణ కూడా ప్రచారంలో ఉంది. రెండు కారణాలూ కలిసి పనిచేసి ఉండవచ్చు. పోర్షే పేరుతో వచ్చిన కార్లన్నీ ఈ పద్ధతిని పాటించలేదన్నది మరింత గమనించదగినది. ఫోక్స్‌వాగన్, ఆడి విడిభాగాలను విస్తారంగా వాడుకున్న 924లోనూ, దాని వారసురాలైన 944లోనూ తాళంచెవి మిగతా కార్లలో వలె కుడిపక్కనే ఉండేది. పందెపు అవసరం నుంచి ఒక అమరిక పుట్టి ఉండవచ్చు గాని, అది సంస్థకు గుర్తుగా, కొనుగోలుదారు ఎదురుచూసే లక్షణంగా స్థిరపడింది 911 ప్రతిష్ఠతో పాటు, క్రమక్రమంగానే. తాళంచెవి స్థానానికి వేగంతో సంబంధం లేని కారణాలు కూడా ఉండగలవు: స్వీడన్‌కు చెందిన సాబ్ సంస్థ 1960 దశకం చివరలో తన 99 కారులో తాళంచెవిని ముందు సీట్ల మధ్యకు మార్చింది. ప్రమాదంలో డ్రైవరు మోకాలికి తాళంచెవి గుచ్చుకోకుండా చూడడం, రివర్సు గేరులో గేరుపెట్టెకే తాళం పడేలా చేయడం అందుకు ప్రాతిపదికలు.

భద్రత గురించిన ఈ ఆలోచనే లె మాన్స్ పరుగుకు కూడా ముగింపు పలికింది. 1960 దశకం చివరకు కార్ల వేగం విపరీతంగా పెరిగింది, సీటు బెల్టులు వచ్చాయి. బెల్టును సరిగా బిగించుకోవాలంటే సమయం పడుతుంది, ఆరంభ పద్ధతి ఆ సమయాన్ని శిక్షగా మార్చింది. 1968లో బెల్జియన్ డ్రైవరు విల్లీ మైరెస్ కారు తలుపు తొందరలో సరిగా పడక, మొదటి ల్యాప్‌లోనే ఘోర ప్రమాదం జరిగి అతని పోటీ జీవితం అంతమైంది. 1969లో ఇరవైనాలుగేళ్ల జాకీ ఇక్స్ నిరసనగా రోడ్డును నడిచి దాటాడు, బెల్టు పూర్తిగా బిగించుకున్నాక అందరికన్నా చివర కదిలాడు. అదే పందెంలో మొదటి ల్యాప్‌లో బ్రిటిష్ డ్రైవరు జాన్ వుల్ఫ్ తన పోర్షే 917 అదుపుతప్పి మరణించాడు. అతడు బెల్టు కట్టుకోలేదు. మరుసటి ఏడు డ్రైవర్లు బెల్టులు కట్టుకుని కార్లలో కూర్చునే బయలుదేరారు, 1971లో కార్లు నెమ్మదిగా కదులుతూనే పందెంలోకి ప్రవేశించే పద్ధతి వచ్చింది.

దాదాపు 45 ఏళ్లు నిలిచిన ఆచారం అలా పోయినా, దానితో ముడిపడిన అమరిక మిగిలింది. తాళంచెవి స్థానంలో తిప్పే పిడి వచ్చినా, విద్యుత్ కారు టేకాన్‌లోనూ 2024 నాటి 911లోనూ నొక్కే బొత్తాం వచ్చినా, స్థానం ఎడమపక్కనే ఉంది. గేరు ముందే వేసి ఉంచవలసిన అవసరం ఈ కార్లలో ఎవరికీ లేదు. సంస్థ కాపాడుకుంటున్నది తన పూర్వచరిత్రను. ఆ చరిత్రను సగమే చెప్పుకోవడం మాత్రం న్యాయం కాదు. ఆరంభంలో క్షణాల విలువను చాటే కథకు 1969 పందెం అవసరమైన రెండో అధ్యాయం: నడిచి వెళ్లి, చివర బయలుదేరిన ఇక్స్, సహచరుడు జాకీ ఆలివర్‌తో కలిసి ఫోర్డ్ జీటీ40లో 24 గంటల తరువాత హాన్స్ హెర్మన్ నడిపిన పోర్షే 908 కన్నా సుమారు 120 మీటర్ల ముందు గీత దాటాడు. క్షణాలకు నిజంగానే అంత విలువ ఉన్న పందెంలో, బెల్టు కోసం వాటిని వదులుకున్నవాడే గెలిచాడు. ఎడమచేతి తాళంచెవిని గర్వంగా చూపే ప్రతి సందర్భంలోనూ ఈ ఫలితాన్ని కూడా చెప్పడం ఆ కారు చరిత్రకు చేసే గౌరవం.