కర్నూలు, కడప జిల్లాల్లో మాతాశిశు మరణాలు

ఈ వ్యాసంలో కర్నూలు, కడప అంటే 2022 పునర్విభజనకు ముందరి ఉమ్మడి జిల్లాలు. తల్లుల మరణాల రేటును లక్ష సజీవ జననాలకు, శిశు మరణాల రేటును వెయ్యికి లెక్కగడతారు. కేంద్రం నడిపే నమూనా రిజిస్ట్రేషన్ వ్యవస్థ (ఎస్ఆర్ఎస్) తల్లుల మరణాల రేటును రాష్ట్ర స్థాయికే ప్రకటిస్తుంది. జిల్లా పేరుతో ప్రచారంలో ఉన్నవి ఎక్కువగా ఆరోగ్యశాఖ నివేదికల నుంచో, ఆసుపత్రి రికార్డుల నుంచో తీసినవి.

పాత లెక్కలు మరీ పలుచన. 1876–78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటిలోనూ బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. గ్రామాధికారుల మరణ పట్టీలు అసలు సంఖ్యను అందుకోలేదన్నది అప్పటి ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ వాదన. మరణాల విషయంలో కార్నిష్ మాటే నమ్మదగినదిగా కనిపిస్తుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆసుపత్రి (నేటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి) 19వ శతాబ్దం చివర్లో మొదలైనా, పల్లెల్లో కాన్పులు చాలాకాలం మంత్రసానుల చేతుల మీదుగానే జరిగాయి. కర్నూలు వైద్య కళాశాల 1956లో, కడప రిమ్స్ 2006లో వచ్చాయి.

ఎస్ఆర్ఎస్ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తల్లుల మరణాల రేటు 2001–03లో 195. అది 2004–06లో 154కు, 2011–13లో 92కు, 2018–20లో 45కు దిగింది. చివరి కాలానికి దేశ సగటు 97. మొదటి మూడు అంకెలు ఉమ్మడి రాష్ట్రానివి. ఈ తగ్గుదలను 2005 ఆగస్టులో మొదలైన 108 అంబులెన్సులకే ఆపాదించే రచనలు ఉన్నాయి. అయితే ఆ వాహనాలు మారుమూల మండలాలకు చేరకముందే రేటు దిగడం మొదలైంది. నాలుగో, ఐదో కాన్పులు అరుదు కావడం, రోడ్లు, జననీ సురక్ష, ఆశా కార్యకర్తలు, ఆసుపత్రి కాన్పులు అన్నీ కలిసి పనిచేశాయనే వివరణ మేలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) నాటికి రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 42 శాతం సిజేరియన్లు. శిశు మరణాల రేటు ఆ సర్వేలో 30, ఎస్ఆర్ఎస్ 2020 లెక్కలో 24. సర్వే అంకె అంతకు ముందరి ఐదేళ్లది కనుక రెండింటినీ నేరుగా పోల్చకూడదు.

జిల్లా అంకెను చదవడంలో అసలు చిక్కు మరొకటి. కర్నూలు సర్వజన వైద్యశాలకు జిల్లా వాళ్లతో పాటు గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచీ గర్భిణులు వస్తారు. వారిలో చాలామంది చేరేది చివరి గడియలోనే, రక్తస్రావంతోనో ఫిట్స్‌తోనో. మరణం జరిగిన చోటును బట్టి లెక్కిస్తే ఆ భారమంతా కర్నూలుపై పడుతుంది. కడపది దీనికి ఎదురు. రాజంపేట, రాయచోటి వైపు కష్టమైన కాన్పులు తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి వెళతాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ వల్ల పేరు ఒక ఊళ్లో, కాన్పు మరో ఊళ్లో నమోదవుతాయి. పైగా సంఖ్య చిన్నది. ఉమ్మడి కర్నూలులో ఏటా సుమారు 65 వేల కాన్పులనుకుంటే, 45 రేటుకు మరణాలు 30లోపే. మరో పది మంది తల్లులు పోతే రేటు 15 పెరుగుతుంది. ఒక్క ఏడాది అంకెతో జిల్లాను మెచ్చుకోవడం, నిందించడం రెండూ తొందరపాటే. తల్లి నివాసాన్ని బట్టి, మూడేళ్లు కలిపి చూడటం ఉత్తమం.

జిల్లా లోపలి తేడాలు సగటులో కనిపించవు. ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు కుటుంబాలు సుగ్గికి (కూలి పనుల వలస) గుంటూరు మిరప తోటలకు వెళ్తే, గర్భిణికి నెలవారీ పరీక్షలు, ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీ భోజనం మధ్యలో తెగిపోతాయి. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 58.8 శాతం. రక్తం తక్కువగా ఉన్న తల్లి కాన్పులో కొద్దిపాటి స్రావాన్నీ తట్టుకోలేదు. 18 ఏళ్లలోపు పెళ్లిళ్లలోనూ కర్నూలు రాష్ట్ర సగటు (29 శాతం) కన్నా పైనే ఉంది. నల్లమల చెంచుగూడేలకు శ్రీశైలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా సేవలు అందుతున్నా, అడవి దారుల్లో దూరమే ప్రధాన అడ్డంకి.

2022 ఏప్రిల్ 4న ఉమ్మడి కర్నూలులోని చెంచుగూడేలు చాలావరకు నంద్యాల జిల్లాకు, రాయచోటి, రాజంపేట ప్రాంతాలు అన్నమయ్య జిల్లాకు మారాయి. వలస మండలాలు కర్నూలులోనే మిగిలాయి. అందువల్ల కొత్త కర్నూలు సూచీలు పాతవాటికన్నా దిగజారినట్లు కనిపిస్తే, దానికి సరిహద్దు మార్పు ఎంత కారణమో మొదట తేల్చుకోవాలి.