హాథార్న్ కంచెలు - తేనె

తేనెకు రంగునిచ్చేది తేనెటీగ కాదు, పూవు. ఇంగ్లండులోని హాథార్న్ అనే ముళ్ళచెట్టు ఇందుకు మంచి నిదర్శనము. గులాబీ కుటుంబానికి చెందిన ఈ చెట్టు మే నెలలో తెల్లని పూలతో నిండిపోతుంది. కాని దాని తేనె తెల్లనిది కాదు. ముదురు బెల్లపుపాకం వన్నెతో, చిక్కగా, బాదంపప్పు వంటి కమ్మదనంతో ఉంటుంది.

అక్కడి పొలాల గట్లమీద ఈ చెట్టు ఇంత విరివిగా కనిపించడానికి చారిత్రక కారణం ఉన్నది. పూర్వం చాలా గ్రామాలలో పొలాలకు కంచెలు ఉండేవి కావు. బీదవారు సైతం ఉమ్మడి బీళ్ళలో పశువులను మేపుకొనేవారు. 1604 నుండి 1914 వరకు పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాలను, అనగా ఇంగ్లండులో ఐదవ వంతు భూమిని, సొంత కమతాలుగా విడగొట్టింది. చౌకగా దొరికి, త్వరగా పెరిగి, పశువులను ఆపగల హాథార్న్ మొక్కలనే కంచెలకు ఎక్కువగా నాటారు. బీదవాని ఆవుకు మేత పోయింది. తేనెటీగకు మేత దొరికింది.

1945 తరువాత, పెద్ద యంత్రాలకు అడ్డమని, ఈ కంచెలను మైళ్ళ పొడవున పెరికివేశారు. 1997లో వచ్చిన నిబంధనలు ఇంగ్లండు, వేల్సులలోని ముఖ్యమైన కంచెలకు రక్షణ కల్పించాయి. అయినా చిక్కు తీరలేదు. హాథార్న్ కిందటేటి రెమ్మలమీద పూస్తుంది. కంచెను ఏటేటా కత్తిరిస్తే మరుసటి ఏటి పూలు కూడా పోతాయి. పైగా పూతకాలంలో ఎండ వెచ్చగా కాయని ఏడు మకరందం సరిగా ఊరదు. అందుచేత అచ్చమైన హాథార్న్ తేనె అక్కడివారికి కూడా అరుదే. కత్తెరను రెండు మూడేళ్ళకొకసారి మాత్రమే వాడిన కంచెలో పూత నిలుస్తుంది. పూత నిలిస్తే తేనెటీగ తన పని తాను చేసుకొంటుంది.